మనసు మార్చుకునే వీలు

1787 మే 28. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా స్టేట్ హౌస్‌లో కూడిన ప్రతినిధులు ఇంకా రాజ్యాంగం జోలికి పోలేదు. సభ ఎలా నడవాలో ముందు ఖాయం చేసుకుంటున్నారు. కమిటీ రాసుకొచ్చిన నిబంధనల్లో ఒకటి ఇలా ఉంది: ఏ సభ్యుడైనా కోరితే, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో సహా నమోదు చేయాలి. మసాచుసెట్స్ ప్రతినిధి రూఫస్ కింగ్ లేచి అది వద్దన్నాడు. ఈ పని సాగేకొద్దీ అభిప్రాయాలు తరచూ మారతాయి, ఒకే మనిషి పేరు ఇవాళ ఒక వైపు, రేపు మరో వైపు కాగితానికెక్కడం వల్ల ప్రయోజనం లేదన్నది ఆయన వాదన. వర్జీనియా నుంచి వచ్చిన జార్జ్ మేసన్ బలపరిచాడు. పేరు పెట్టి రాసిపెట్టిన మాటను వెనక్కి తీసుకోవడం మనిషికి కష్టమనీ, రేపు గిట్టనివాళ్ల చేతికి అదే ఆయుధమవుతుందనీ చెప్పాడు. నిబంధనను కొట్టేశారు.

అదే రోజు నార్త్ కరొలైనా ప్రతినిధి రిచర్డ్ స్పైట్ మరోటి అడిగాడు. ఓటు వేసి తేల్చేసిన అంశాన్నయినా సభ మళ్లీ చర్చకు తీసుకోగలగాలి అని. మర్నాటికి అదీ నిబంధనల్లో చేరింది. లోపలి మాట బయటికి పొక్కకూడదన్న నియమమూ అప్పుడే వచ్చింది. ఒకసారి ఎవరో తీర్మానాల ప్రతి ఒకటి కింద పడేసుకున్నారు. అది అధ్యక్ష స్థానంలో ఉన్న జార్జ్ వాషింగ్టన్ చేతికి చేరింది. ఆయన సభ్యులను మందలించి, ఈ కాగితం ఎవరిదో వచ్చి తీసుకోండని బల్ల మీద పడేసి, టోపీ పుచ్చుకుని వెళ్లిపోయాడు. నాదంటూ ముందుకొచ్చే ధైర్యం ఒక్కరికీ లేకపోయిందని జార్జియా ప్రతినిధి విలియం పియర్స్ రాసిపెట్టాడు.

అమెరికా రాజ్యాంగం పుట్టుక గురించి చదివినప్పుడు నన్ను గట్టిగా పట్టుకున్నది పీఠికా కాదు, అధికారాల విభజనా కాదు. ఈ సభా నియమాలే. ఒక దేశాన్ని కట్టబోతున్నవాళ్లు తమ ఆలోచన మారుతుందని ముందే ఒప్పుకుని, మారేందుకు వీలు కల్పించుకుని, ఆ తర్వాతే పనికి కూర్చున్నారు. దీనికి వాళ్లు అంత విలువ ఎందుకిచ్చారో వెనక ఉన్న అనుభవం చూస్తే తెలుస్తుంది. అప్పటికి 13 రాష్ట్రాలను కలిపి ఉంచుతున్నది కాన్ఫెడరేషన్ ఒప్పందం. దాంట్లో ఒక్క ముక్క మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చడానికి దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకునే అధికారం ఇవ్వమని కాంగ్రెస్ 1781లో అడిగింది. 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే కాదంది, అంతటితో ఆగిపోయింది. 1783లో మళ్లీ అడిగితే ఈసారి న్యూయార్క్ అడ్డుపడింది. పన్ను వేసే దిక్కు లేని ప్రభుత్వం, జీతాలందని మాజీ సైనికులు, అప్పుల కింద పొలాలు పోగొట్టుకుంటున్న పశ్చిమ మసాచుసెట్స్ రైతులు. 1786లో డేనియల్ షేస్ పేరు మీద మొదలైన తిరుగుబాటు అక్కడిదే. మార్చే దారి లేని పత్రం దేశాన్ని ఎలా కదలనివ్వదో ఫిలడెల్ఫియా చేరినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోడ్ ఐలండ్ అసలు ప్రతినిధులనే పంపలేదు. తక్కిన 12 రాష్ట్రాల నుంచి మొత్తం 55 మంది వచ్చారు.

ఆ నాలుగు నెలల్లో వాళ్లు ఎన్నిసార్లు మాట మార్చారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలి? ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ జూన్ 1న సూచించాడు. పట్టించుకోలేదు. చట్టసభ ఎన్నుకోవాలన్నారు, పదవీకాలం 7 ఏళ్లన్నారు, రెండోసారి వద్దన్నారు. జూలై 19న కాదు కాదు, ప్రత్యేకంగా ఎంపికైన ఎలెక్టర్లు ఎన్నుకోవాలన్నారు. 24న మళ్లీ చట్టసభకే ఇచ్చారు. సెప్టెంబరులో 11 మంది కమిటీ కూర్చుని మళ్లీ ఎలెక్టర్ల పద్ధతికి, 4 ఏళ్ల పదవీకాలానికి వచ్చింది. ఇవాళ్టికీ అదే నడుస్తోంది. ప్రతి మలుపులోనూ పేర్లతో ఓట్లు నమోదై పత్రికలకెక్కి ఉంటే, జూన్‌లో అన్న మాటకు సెప్టెంబరు దాకా కట్టుబడి అక్కడే కూలబడి ఉండేవాళ్లని నా నమ్మకం.

ఈ కథలో నేను ఎక్కువ కాలం గడిపింది జేమ్స్ మేడిసన్‌తో. అప్పటికి ఆయన వయసు 36. పొట్టి మనిషి, మెల్లని గొంతు. రోజూ సభలో ముందు వరుసలో కూర్చుని అందరి మాటలూ రాసుకున్నాడు. ఆ నోట్సు ఆయన పోయాక 1840లో అచ్చయింది, సభలో ఏం జరిగిందో మనకు తెలిసింది ముఖ్యంగా దాని వల్లే. రాజ్యాంగ పితామహుడని ఆయనకు పేరు. కానీ ఆ నోట్సు చదువుతుంటే కనిపించేది ఓడిపోతూ వచ్చిన మనిషి. రెండు సభల్లోనూ జనాభాను బట్టే సీట్లుండాలని ఆయన పట్టు. జూలై 16న 5 రాష్ట్రాలు ఒక వైపు, 4 రాష్ట్రాలు మరో వైపు ఓటేశాయి, మసాచుసెట్స్ ప్రతినిధులు సగం సగం చీలారు. ఆ ఒక్క ఓటు తేడాతో సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమానమైన సీట్లన్న రాజీ నెగ్గింది. మర్నాడు, రాష్ట్రాల చట్టాలను కాంగ్రెస్ రద్దు చేయగలగాలన్న ఆయన ప్రతిపాదన కూడా పోయింది. మేడిసన్ దృష్టిలో ఈ రెండూ ప్రాణప్రదమైనవి. సంతకాలకు ముందు సెప్టెంబరు 6న పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ పథకం అనుకున్నది సాధించలేదేమోనన్న భయం వెల్లడించాడు. ఆ తర్వాత రెండు నెలలకల్లా అలెగ్జాండర్ హామిల్టన్, జాన్ జేలతో కలిసి, పబ్లియస్ అన్న మారుపేరుతో, అదే రాజ్యాంగం ఎందుకు కావాలో ప్రజలకు నచ్చచెప్పే వ్యాసాలు రాయడానికి కూర్చున్నాడు. అలాంటివి మొత్తం 85 వచ్చాయి.

నమ్మనిదాన్ని సమర్థించాడని దీన్ని చదవొచ్చు. నాకు అలా అనిపించదు. తన ఆలోచనలో సగం ఓడిపోయినా, మిగిలిన సగం కోసం నిలబడటం ఒక రకమైన పెద్దరికం. సెప్టెంబరు 17న బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పిందీ అదే. ఆయనకప్పుడు 81 ఏళ్లు, లేచి చదివే ఓపిక లేక తన ప్రసంగాన్ని విల్సన్‌తో చదివించాడు. ఇందులో తనకు నచ్చనివి ఉన్నాయనీ, ఎప్పటికీ నచ్చవని మాత్రం అనలేననీ, వయసు మీద పడేకొద్దీ సొంత తీర్పు మీద అనుమానం, ఎదుటివాడి తీర్పు మీద గౌరవం పెరుగుతున్నాయనీ ఆ ప్రసంగ సారాంశం. అయినా ఆ రోజు సభలో ఉన్నవాళ్లలో ముగ్గురు సంతకం చేయలేదు. వాళ్లలో ఒకడు ఎడ్మండ్ రాండాల్ఫ్. మే నెలలో కొత్త ప్రభుత్వానికి మొదటి నమూనాగా వర్జీనియా పథకాన్ని సభ ముందు పెట్టినవాడే సెప్టెంబరులో సంతకం పెట్టనన్నాడు, మరుసటి జూన్‌లో వర్జీనియా ఆమోద సభలో మళ్లీ రాజ్యాంగం వైపే నిలిచాడు. ఆ కాలంలో ఆయనను తిట్టినవాళ్లు చాలామంది. నేను ఆయనను తిట్టలేను.

సంతకం చేయని మరో ఇద్దరు మేసన్, మసాచుసెట్స్ ప్రతినిధి ఎల్‌బ్రిడ్జ్ గెరీ. సెప్టెంబరు 12న మేసన్ హక్కుల ప్రకటన ఒకటి చేర్చుదాం, కొన్ని గంటల్లో రాసేయొచ్చు అన్నాడు. అన్ని రాష్ట్రాలూ కాదన్నాయి. మేడిసన్ కూడా దాని అవసరం లేదన్నవాడే. తోలు కాగితం మీద రాసిన అడ్డుగోడలను మెజారిటీ ఎప్పుడైనా దాటేస్తుందని ఆయన అభిప్రాయం. కానీ రాజ్యాంగం ఊళ్లలోకి వెళ్లాక జనం అడిగింది ముందుగా అదే: మా హక్కులేవి? మసాచుసెట్స్ 187–168తో బొటాబొటిగా ఆమోదించింది, అదీ సవరణలు సిఫారసు చేస్తూ. వర్జీనియాలో 89–79. న్యూయార్క్‌లో 30–27. 1789 మొదట్లో మేడిసన్ కాంగ్రెస్‌కు పోటీ చేస్తే ఎదురు నిలబడింది జేమ్స్ మన్రో. నియోజకవర్గంలో బాప్టిస్టులు ఎక్కువ, మత స్వేచ్ఛకు రాతపూర్వకమైన హామీ కావాలని వాళ్ల పట్టుదల. సవరణలు తెస్తానని మేడిసన్ బహిరంగంగా మాటిచ్చి గెలిచాడు, జూన్ 8న వాటిని సభలో పెట్టాడు. తోటి సభ్యులు ఇప్పుడెందుకని విసుక్కున్నా వదల్లేదు. 1791 డిసెంబరు 15కల్లా పది సవరణలు ఆమోదం పొందాయి. ఇవాళ అమెరికన్లు హక్కుల బిల్లు అని గుండెల్లో పెట్టుకునేవి అవే.

మేడిసన్ ఇలా మారడంలో ఓట్ల లెక్క ఉందా అంటే ఉంది. కానీ జెఫర్సన్ ఉత్తరాలు, బాప్టిస్టుల ఒత్తిడి, ఆమోద సభల్లో ప్రత్యర్థుల వాదనలు కలిసి ఆయన ఆలోచనను నిజంగానే కదిలించాయని ఆ జూన్ ప్రసంగం చదివితే తెలుస్తుంది. హక్కులు రాసి ఉంటే న్యాయస్థానాలు వాటికి కాపలా కాస్తాయని అందులో వాదించాడు. అంతకుముందు తనకే పట్టని వాదన అది.

ఇక్కడి వరకు చదివి ఆగిపోతే ఇది ఎంతో మంచి కథ. చాలాకాలం ఇది నాకు ఇలాగే ఇష్టంగా ఉండేది. ఆగస్టు నెల నోట్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదవడం కష్టమవుతుంది.

ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని 1800 వరకు కాంగ్రెస్ ఆపకూడదని ఒక కమిటీ రాజీ కుదిర్చింది. ఉత్తరాది ఓడల యజమానులకు కావాల్సిన వాణిజ్య చట్టాలు మామూలు మెజారిటీతో నెగ్గేలా చూస్తే, దక్షిణాదికి ఈ గడువు దక్కుతుంది. ఆగస్టు 25న సౌత్ కరొలైనాకు చెందిన చార్లెస్ కోట్స్‌వర్త్ పింక్నీ ఆ గడువును 1808కి పెంచాలన్నాడు. బలపరిచింది మసాచుసెట్స్‌కు చెందిన నెథానియల్ గోరమ్. ఇరవై ఏళ్లలో జరగగల కీడంతా జరిగిపోతుంది, ఇది దేశానికే అప్రతిష్ఠ అని మేడిసన్ అభ్యంతరం చెప్పాడు. 7–4తో నెగ్గింది. న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్, కనెక్టికట్ దక్షిణాదితో కలిసి ఓటేశాయి.

అంతటితో అయిపోలేదు. సెప్టెంబరు 10న, రాజ్యాంగాన్ని ముందు ముందు ఎలా సవరించుకోవాలన్న చర్చ వచ్చింది. సౌత్ కరొలైనా ప్రతినిధి జాన్ రట్‌లెడ్జ్ లేచాడు. బానిసల ఆస్తితో సంబంధం లేని రాష్ట్రాలు, దాని మీద వ్యతిరేకత ఉన్న రాష్ట్రాలు ఈ నిబంధనలను మార్చేస్తే తాను ఒప్పుకునేది లేదన్నాడు. దాంతో అయిదో అధికరణలో ఒక షరతు చేరింది: దేశం దేన్నయినా సవరించుకోవచ్చు, కానీ 1808 వరకు బానిస వ్యాపారం నిబంధన జోలికి రాకూడదు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగాను. తమ పేర్లు కాగితం మీద ఉంటే మనసు మార్చుకోలేమని భయపడ్డవాళ్లు, తేల్చిన విషయాన్ని మళ్లీ తేల్చుకునే హక్కు తమకు ఉంచుకున్నవాళ్లు, ఓడల అడుగున గొలుసులతో రాబోయే మనుషుల విషయంలో మాత్రం దేశమంతటి మనసుకు తాళం వేశారు. ఆ మనుషుల తరఫున మాట్లాడేవాళ్లు గదిలో లేరు. సభ్యుల్లో కొందరు బానిస వ్యాపారాన్ని గట్టిగానే ఖండించారు. మేసన్ ఖండించాడు, ఆయన ఇంట్లోనే బానిసలు ఉన్నారు. పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నూర్ మోరిస్ బానిసత్వం మొత్తాన్నే శపించాడు. కానీ రాజీ ఖర్చు ఎవరు కడుతున్నారన్న ప్రశ్న వచ్చినప్పుడు, కట్టేవాళ్లు ఆ బల్ల చుట్టూ లేకపోవడం అందరికీ సౌకర్యమైంది. 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860కి దాదాపు 40 లక్షలు. 1808 జనవరి 1 నుంచి దిగుమతిని చట్టం నిషేధించింది, ఆ తర్వాత దేశం లోపల మనుషుల అమ్మకం పెద్ద వ్యాపారమైంది. 1861 మార్చిలో, అంతర్యుద్ధం ముంగిట్లో, బానిసత్వాన్ని రద్దు చేసే సవరణే ఎన్నటికీ రాకుండా మరో సవరణను కాంగ్రెస్ ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అది నెగ్గి ఉంటే పదమూడో సవరణ అదే అయ్యేది. అసలు పదమూడో సవరణ 1865లో వచ్చి బానిసత్వాన్ని రద్దు చేసింది. నడుమ యుద్ధంలో 6 లక్షలకు పైగా మనుషులు చచ్చిపోయారు.

మేడిసన్ 1836 జూన్ 28న తన మోంట్‌పీలియర్ ఇంట్లో కన్నుమూశాడు. ఫిలడెల్ఫియా సభ్యుల్లో అందరికన్నా చివర పోయింది ఆయనే. ఆ ఉదయం ముద్ద మింగుడుపడక ఆగితే, ఏమైంది పెదనాన్నా అని తమ్ముడి కూతురు అడిగిందట. ఏమీ లేదమ్మా, మనసు మారింది అంతే అన్న అర్థం వచ్చే మాట అని తల వాల్చేశాడు. ఈ సంగతి మనకు చెప్పింది పాల్ జెన్నింగ్స్. ఆ ఇంట్లో బానిసగా పుట్టి ఏళ్ల తరబడి మేడిసన్‌కు సేవ చేసినవాడు, ఆ క్షణంలో పక్కనే ఉన్నవాడు. 1865లో అచ్చయిన తన చిన్న పుస్తకంలో దీన్ని చెప్పాడు. హక్కుల బిల్లు విషయంలో మారిన మేడిసన్ మనసు జెన్నింగ్స్ విషయంలో మారలేదు. వీలునామాలో ఎవరికీ విముక్తి ఇవ్వలేదు. జెన్నింగ్స్ స్వేచ్ఛ 1847లో వచ్చింది. సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు ముందు కడితే, ఆ బాకీని ఆయన ఇంట్లో పని చేసి తీర్చుకున్నాడు. అయినా ఆ పుస్తకంలో మేడిసన్ గురించి ఒక్క చేదు మాట పెట్టలేదు. ఆ ఉదారతను ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

గది బయట ఉన్నవాళ్లు ఆ పత్రాన్ని ఏం చేయాలి? 1854 జూలై 4న మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో బానిసత్వ వ్యతిరేక నాయకుడు విలియం లాయిడ్ గారిసన్ రాజ్యాంగం ప్రతిని జనం ముందు తగలబెట్టాడు. ఆయన కోపాన్ని తప్పు పట్టలేను. కానీ నా మనసు వెళ్లేది ఫ్రెడరిక్ డగ్లస్ వైపు. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో పారిపోయి, గారిసన్ శిష్యుడిగా రాజ్యాంగాన్ని ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోసినవాడు. 1851లో, గురువు వర్గమంతా కూర్చున్న సభలోనే, తన అభిప్రాయం మారిందని ప్రకటించాడు. ఈ పత్రాన్ని బానిసత్వానికి వ్యతిరేకంగా చదవొచ్చు, చదవాలి అన్నాడు. స్నేహాలు పోయాయి, అమ్ముడుపోయాడన్న నింద పడింది. రూఫస్ కింగ్ కోరుకున్న రక్షణ డగ్లస్‌కు లేదు. పేరు పెట్టుకుని, అచ్చులో, నష్టానికి సిద్ధపడి మాట మార్చాడు. ఫిలడెల్ఫియాలో మూసిన తలుపుల వెనక దొరికిన ధైర్యం కన్నా ఇది పెద్దదని నేననుకుంటాను.

ఇదంతా నాకు చరిత్ర పాఠంగా మాత్రం మిగల్లేదు. మేముండే అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి తిరగరాసే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. మొదటి సమావేశాల్లో ఎవరు ఏమన్నారో పేర్లతో మినిట్స్‌లో రాయొద్దని కోరాను. పార్కింగ్ మీద పట్టుబట్టినవాళ్లే తర్వాత వేరే మాట మీదికి రావడం చూశాను. పార్కింగ్ ఓనర్లకే, దీన్ని ఎప్పటికీ మార్చకూడదు అన్న వాక్యం వచ్చినప్పుడు, అద్దెకుండేవాళ్లు ఈ గదిలో లేరు కదా అని అడిగాను. ఎప్పటికీ అన్న మాట తీసేశారు. ఇక్కడి చిన్న సంగతిని అక్కడి ఘోరంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఏ ఒప్పందాన్ని చదివినా నా చూపు ఇప్పుడు ముందుగా సవరణ నిబంధన మీదికి, దానికి పెట్టిన మినహాయింపుల మీదికి పోతుంది.

ఒక తరం రాసింది మరో తరాన్ని కట్టేయొచ్చా అన్న చర్చ మేడిసన్, జెఫర్సన్ల మధ్య కూడా నడిచింది. భూమి బతికున్నవాళ్లది, 19 ఏళ్లకోసారి రాజ్యాంగమూ చట్టాలూ వాటంతట అవే ముగిసిపోవాలని జెఫర్సన్ 1789లో రాశాడు. పాతవాళ్లు చేసిన మంచి పనుల ఫలం అనుభవిస్తున్నప్పుడు వాళ్ల బాకీ కూడా మోయాలి, మాటిమాటికీ అన్నీ తిరగతోడితే ఏదీ నిలబడదని మేడిసన్ జవాబిచ్చాడు. మన రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న డాక్టర్ అంబేద్కర్ చివరి ప్రసంగం చేస్తూ జెఫర్సన్‌దే ఇలాంటి మాట ఒకటి ముందుపెట్టారు. మనం రాసిన దాన్ని మార్చుకునే దారి సులువుగానే ఉంచామని గుర్తుచేశారు. ఈ వాదంలో నేను సగం మేడిసన్ పక్షమే. ప్రతి తరమూ పునాది నుంచి మొదలుపెట్టడం సాధ్యం కాదు. కానీ 19 ఏళ్లకోసారి కూలగొట్టడం వేరు, ఫలానాది ముట్టుకోకూడదని రాసిపెట్టడం వేరు. మొదటిది వద్దన్నంత మాత్రాన రెండోది సరైపోదు.

అయిదో అధికరణలో రెండో తాళం కూడా ఉంది. 1787 సెప్టెంబరు 15, శనివారం. సంతకాలకు ఇంక రెండు రోజులే. సెనేట్‌లో ఏ రాష్ట్రం సమాన హక్కునూ దాని సమ్మతి లేకుండా తీసేయకూడదని కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ అడిగితే సభ ముందు కాదంది. చిన్న రాష్ట్రాల గొణుగుడు మొదలయ్యేసరికి గవర్నూర్ మోరిస్ అదే ప్రతిపాదన మళ్లీ పెట్టాడు, చర్చ లేకుండా ఒప్పుకున్నారు. మొదటి తాళం 1808తో ఊడిపోయింది, దీనికి గడువు లేదు. 1790లో అన్నిటికన్నా పెద్ద రాష్ట్రం వర్జీనియా జనాభా చిన్నదైన డెలావేర్ జనాభాకు 12 రెట్లు పైచిలుకు. 2020 లెక్కల్లో కాలిఫోర్నియాలో 3.95 కోట్ల మంది, వ్యోమింగ్‌లో 5.77 లక్షల మంది. తేడా 68 రెట్లు. రెండింటికీ ఇద్దరేసి సెనేటర్లు. జూలై 16న మేడిసన్ ఒక్క ఓటుతో ఓడిపోయిన విషయమే ఇది. ఆ 68 రేపు 100 అయినా, దాన్ని మార్చాలంటే అయిదో అధికరణ వెళ్లి అడగమనేది వ్యోమింగ్ సమ్మతినే.